నైట్ మేనేజర్ చూసి బాగుందని స్మైలీ కథకి పోయి ఇరుక్కున్నా, ఎవరన్నా దోవ చూపించండప్పా

నైట్‌డ్యూటీ_తిరుపతి (రాత్రి 1:52)

అందరికీ నమస్తే. నేను తిరుపతిలో బస్టాండు పక్క సందులో ఒక లాడ్జిలో రాత్రి పూట కౌంటర్లో కూర్చుంటా. ఒంటిగంట దాటితే జనం పలచబడతారు, మళ్ళీ మూడున్నర నాలుక్కి రైలు దిగినోళ్ళు గుంపుగా వస్తారు, ఆ మధ్యలో కునుకు పట్టకుండా ఉండాలంటే ఏదో ఒకటి చూడాల్సిందే. అట్ల ఒకరోజు హాట్‌స్టార్‌లో ద నైట్ మేనేజర్ అని కనపడింది. పేరు చూసి నవ్వుకున్నా, ఇదేందిరా మన ఉద్యోగం మీద సీరియల్ తీసినారే అని. హిందీది, ఆదిత్య రాయ్ కపూర్, అనిల్ కపూర్, మన తెనాలి పిల్ల శోభిత ధూళిపాళ. నా హిందీ అంతా నార్త్ యాత్రికులతో ఆధార్ దిఖాయియే, దో ఆద్మీ కా రూమ్ అని మాట్లాడి నేర్చుకున్నదే అయినా బాగానే ఎక్కింది. ఢాకా హోటల్లో మొదలై సిమ్లా, శ్రీలంక అని తిప్పుతాడు, రెండు రాత్రుల్లో అయిపోయింది.

తర్వాత ఎవరో చెప్పినారు దీనికి మూలం ఇంగ్లీషుది 2016లో వచ్చింది, టామ్ హిడిల్‌స్టన్, హ్యూ లారీ చేసినారు, ఆరే ఎపిసోడ్లు అని. అదీ చూసేసినా. అది కూడా జాన్ లె కారే అనే ఆయన 1993లో రాసిన నవల నుంచి తీసిందంట, సరే ఈయన రాసినవి ఇంకేం తీసినారబ్బా అని వెతికితే అందరూ ఒకటే మాట, టింకర్ టైలర్ సోల్జర్ స్పై, బీబీసీ 1979, ఏడు ఎపిసోడ్లు, దాన్ని మించింది లేదు అని.

ఒక ఫ్రెండు దగ్గర డీవీడీ ఉంటే తెచ్చుకుని పెట్టినా. అన్నా, అక్కా, నిజం చెప్తా ఉండా, మూడు సార్లు మొదలు పెట్టినా మూడు సార్లూ రెండో ఎపిసోడ్ దాటలేదు. ఒకాయన వచ్చి కూర్చుంటాడు, ఇంకొకాయన వచ్చి కూర్చుంటాడు, టీ తాగుతారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, అంతే. కంట్రోల్ అంటారు, సర్కస్ అంటారు, మెర్లిన్ అంటారు, ఒక్కొక్కడికి మూడేసి పేర్లు, ఎవడు ఎవడో తెలిసే లోపల ఎవరో ఒకరు బెల్లు కొట్టి రూమ్ ఉందా అంటారు, తాళం ఇచ్చి వచ్చి చూస్తే ఇంకా వాళ్ళు కూర్చునే ఉంటారు. హీరో స్మైలీ అని ముసలాయన, కళ్ళద్దాలు తుడుచుకోవడం తప్ప ఏం చేయడు.

నిజంగా అంత గొప్పదేనా, లేక పాతది కాబట్టి గొప్ప అంటాండారా? నా బుర్రకి ఎక్కాలంటే ఏ పద్ధతిలో చూడాల? కథ గుట్టు మాత్రం చెప్పద్దండి, దొంగ ఎవడో నేనే కనుక్కుంటా.

ట్రెజరీ_అమ్మ (ఉదయం 6:10)

నాయనా, మాది చిత్తూరు. ఖాతాలు, రిజిస్టర్లు, ఓచర్లు చూసే ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైనా. కొడుకు బయట దేశంలో ఉండాడు, వాడు పంపించిన డిస్కుల్లో ఈ సీరియల్ ఉండింది, నేను నాలుగు సార్లు చూసినా, మా ఆయన ఒక్కసారి చూసి నిద్రపోయినాడు. అంటే నీ బాధ నాకు తెలుసు.

నువ్వు దీన్ని సినిమా చూసినట్టు చూస్తా ఉండావు, అందుకే ఇరుక్కున్నావు. ఇది ఆఫీసు కథ నాయనా. గవర్నమెంటు ఆఫీసులో పని చేసినోళ్ళకి మొదటి సీనే చాలు. నలుగురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు మీటింగ్ రూములోకి వస్తారు, చాలాసేపు ఎవడూ నోరు తెరవడు. ఒకడు కాగితాలు సర్దుకుంటాడు, ఒకడు సిగరెట్టు, ఒకడు పైపు, ఒకాయన టీ కప్పు మీద సాసరు మూత పెట్టుకుని తెచ్చుకుంటాడు. నేను మొదటిసారి చూసినప్పుడు గట్టిగా నవ్వినా, మా సెక్షన్లో నలుగురూ అచ్చం అట్లనే వచ్చి కూర్చునేవాళ్ళు! ఎవడు ఎవడికి భయపడతాడు, ఎవడికి ఎవడంటే మంట, ఎవడు పై సీటు మీద కన్నేసినాడు, అంతా ఆ ఒక్క నిమిషంలోనే ఉండాది. డైలాగు లేదు కాబట్టి నువ్వు ఫోను చూసుకుని ఉంటావు, అదే నువ్వు చేసిన పొరపాటు.

ఇంకోటి. కథ ఏంది అంటే ఆఫీసులో పై స్థాయిలో ఉండే వాళ్ళలో ఒకడు ఎన్నో ఏళ్ళుగా రష్యా వాళ్ళకి గుట్టు అమ్ముతాండాడు, వాడు ఎవడో కనుక్కోవాల. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అంటారే, ఆ ఈశ్వరుడి పని ఈ రిటైరైన ముసలాయన మీద పడింది. ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేసినారు, ఆఫీసు లోపలికి పోలేడు, ఎవర్నీ అడగలేడు. మరి ఎట్ల పడతాడు? ఫైళ్ళతో పడతాడు.

నీకు ఇది నచ్చుతుందని ఎందుకు అనుకుంటా ఉండానంటే, ఆ ఎంక్వైరీ అంతా ఎక్కడ జరుగుతుందో తెలుసా, లాడ్జిలో. నవల్లో లండన్లో ససెక్స్ గార్డెన్స్ అని ఒక వీధిలో హోటల్ ఐలా అని చిన్న హోటల్, దాంట్లో స్మైలీ బారక్లా అని దొంగ పేరు రాయించి రూము తీసుకుంటాడు. రాత్రంతా ఫైళ్ళు చదువుతాడు. నీ రిజిస్టర్లో అట్లాంటి బారక్లాలు ఎంతమంది సంతకాలు పెట్టి ఉంటారో నీకే తెలియాల.

ఒక సీనులో ఒక రాత్రి డ్యూటీ ఆఫీసరు రాసిన లాగ్ బుక్కు కావాల. ఆ రాత్రి తాలూకు పేజీలు ఉండవు. అంతే, ఆ లేని పేజీలే సాక్ష్యం. నేను కుర్చీలోంచి లేచి నిలబడినా. మా ఆఫీసులో ఒకసారి ఇదే జరిగింది, ఎవరు ఏంది అనేది వదిలెయ్, ఇన్‌వర్డ్ రిజిస్టర్లో ఒక కాగితం మాయమైంది. మా రిజిస్టర్లకి మొదటి పేజీలో ఇందులో ఇన్ని పేజీలు ఉన్నవి అని ఆఫీసరు రాసి సంతకం పెడతాడు. పైగా కుట్టు వేసిన పుస్తకంలో ఒక కాగితం పీకితే దాని జత కాగితం అవతల వదులైపోతుంది, కొన్నాళ్ళకి అదీ ఊడి చేతికొస్తుంది. పీకినోడికి ఆ సంగతి తెలీదు. దొంగతనం చేసేవాడు ఉన్నదాన్ని గురించే ఆలోచిస్తాడు, లేకుండా పోయింది కనపడుతుందని వాడికి తోచదు.

కాబట్టి టీవీ ముందర కాదు, రిజిస్టరు ముందర కూర్చున్నట్టు కూర్చుని చూడు. ఒక నోటుబుక్కు పెట్టుకో, పేర్లు రాసుకో. సిగ్గేం లేదు, నేనూ రాసుకున్నా.

కోతి_కపిలతీర్థం (ఉదయం 8:33)

అమ్మ గారి పోస్టు చదివినాక నాకు స్మైలీ కంటే ట్రెజరీ అమ్మ సీరియల్ కావాలనిపిస్తాండాది. ఆ రిజిస్టరు కథ పూర్తిగా చెప్పండమ్మా, పీకినోడు దొరికినాడా లేదా?

సినిమాపిచ్చి_సీమోడు (ఉదయం 9:47)

బ్రదర్ నేను కొంచెం రివర్స్ చెప్తా, అందరూ తిట్టుకున్నా పర్లేదు. ఐదు గంటలకి పైగా కూర్చుని నోటుబుక్కులో రాసుకుని చూడాల్సిన ఖర్మ మనకేంటి? 2011లో ఇదే కథ సినిమాగా వచ్చింది, గ్యారీ ఓల్డ్‌మన్ స్మైలీ, రెండు గంటల్లో ముగించినాడు, ఆ కెమెరా, ఆ రంగులు, మసక వెలుగు, అబ్బా. నేను ఎస్వీయూలో చదివేటప్పుడు హాస్టల్లో ల్యాప్‌టాప్‌లో చూసినా, మొదటిసారి అర్థం కాలేదు, రెండోసారి అర్థమైంది, అంటే రెండు సార్లు చూసినా నాలుగు గంటలే, ఇంకా గంట మిగిలింది నాకు.

పాత బీబీసీ వాటిలో సమస్య ఏందంటే రూములో సీన్లన్నీ స్టేజి నాటకం లాగా ఉంటాయి, మన దూరదర్శన్ పాత సీరియల్స్ చూస్తే ఎట్ల ఉంటాదో అట్ల. నీకు నైట్ మేనేజర్ నచ్చిందంటే నీకు ఊర్లు తిరగడం, ఖరీదైన బంగళాలు, ఆయుధాల వ్యాపారి, వాడి ఇంట్లోనే చేరి వాడికి వెన్నుపోటు పొడిచే హీరో, ఇవి కావాలి. అవి టింకర్ టైలర్లో దొరకవు. అదే రచయిత ద లిటిల్ డ్రమ్మర్ గర్ల్ చూడు, 2018, ఆరు ఎపిసోడ్లు, కొరియా డైరెక్టర్ పార్క్ చాన్‌వుక్ తీసినాడు, ఫ్లోరెన్స్ ప్యూ హీరోయిన్, రంగులు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఒక నాటకాలాడే పిల్లని గూఢచారిగా తయారు చేస్తారు, అంటే నటన ఏది నిజం ఏది అనేది ఆ పిల్లకే తెలియకుండా పోతాది. అది చూసినాక కూడా ముసలాయన కావాలనిపిస్తే అప్పుడు చూసుకో.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా, నైట్ మేనేజర్ ఇంగ్లీషు దాంట్లో బర్ అనే ఆఫీసరు ఉంది కదా, ఒలివియా కోల్‌మన్, నవల్లో ఆ పాత్ర మగాడు. కోల్‌మన్ అప్పుడు నిజంగానే గర్భవతి, దాన్ని కూడా కథలో కలిపేసినారు. హిందీలో తిలోత్తమా షోమ్ కూడా కడుపుతోనే ఉంటుంది చూడు, అది అక్కడి నుంచి వచ్చిందే. ఇట్లాంటి మార్పు పాత సీరియల్లో జరగదు, వాళ్ళు నవల్ని తాళపత్రం లాగా పట్టుకుని తీసినారు.

గాదెకింద_పందికొక్కు (మధ్యాహ్నం 2:20)

సీమోడా, నవల్ని తాళపత్రం లాగా అన్నావు చూడు, అది తప్పు. నవల్లో రికీ టార్ అనే కుర్రోడి కథ హాంకాంగ్‌లో నడుస్తుంది, సీరియల్లో దాన్ని లిస్బన్‌కి మార్చినారు, నువ్వు మెచ్చుకునే సినిమాలో ఇస్తాంబుల్‌కి. ఎవరి బడ్జెట్టు వాళ్ళది. టింకర్ టైలర్‌తో మొదలయ్యే మూడు నవలల్లో రెండోది ద హానరబుల్ స్కూల్‌బాయ్ అని ఉంది, అదంతా హాంకాంగ్, ఆగ్నేయాసియా, అది తీయాలంటే డబ్బు బోలెడు అవుతుందని బీబీసీ దాన్ని వదిలేసి నేరుగా మూడోదానికి, అంటే స్మైలీస్ పీపుల్‌కి దూకేసింది, 1982లో, ఆరు ఎపిసోడ్లు. కాబట్టి తిరుపతి అన్నా, చూసే వరుస ఇదే, టింకర్ టైలర్, ఆ తర్వాత స్మైలీస్ పీపుల్. నడిమిది కావాలంటే పుస్తకం చదువుకోవాల్సిందే.

నీకు అడ్డం పడిన మాటలు చెప్తా, గుట్టు ఏం బయటపడదు. సర్కస్ అంటే ఏనుగులు పులులు ఉండే సర్కస్ కాదు, లండన్లో కేంబ్రిడ్జ్ సర్కస్ అని ఒక కూడలి, గూఢచారి ఆఫీసు అక్కడ ఉంటుందని కథ. మన లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసు ఉంటే సర్కిల్లో పని చేస్తాండాడు అన్నామనుకో, అట్ల. కంట్రోల్ అనేది మనిషి, పాత బాస్, ఆయన అసలు పేరు ఎవరికీ తెలీదు. మెర్లిన్ అనేది రష్యా నుంచి సమాచారం ఇస్తున్నాడని చెప్పే ఒకడికి పెట్టిన పేరు, ఆ సరుకుకి విచ్‌క్రాఫ్ట్ అని పేరు. కార్లా అంటే ఆడమనిషి కాదు, మాస్కోలో పెద్దాయన. మోల్ అంటే గాదె కింద పందికొక్కు, అంటే నేను. టింకర్, టైలర్, సోల్జర్ అనేవి అక్కడి పిల్లలు లెక్కపెట్టుకునే పాటలో మాటలు, ఆ పాట వరుసలో అనుమానితులకి పేర్లు పెట్టినాడు కంట్రోల్. సెయిలర్ అనే మాట టైలర్ లాగా వినపడుతుందని వదిలేసినాడు. ఐదో అనుమానితుడు బెగర్‌మ్యాన్, అది ఎవరో తెలుసా, స్మైలీనే. పట్టేవాడు కూడా లిస్టులో ఉండాడు!

ఇది ఉత్తుత్తి కల్పన అనుకోవద్దు. లె కారే అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్, ఆయన నిజంగానే బ్రిటన్ గూఢచారి శాఖల్లో పని చేసినాడు, ఎంఐ5లోనూ ఎంఐ6లోనూ. కిమ్ ఫిల్బీ అని ఎంఐ6లో పెద్ద హోదాలో ఉన్నోడు ఏళ్ళ తరబడి సోవియట్ వాళ్ళకి పని చేసి 1963లో బేరూత్ నుంచి మాయమై మాస్కోలో తేలినాడు. ఆ గాయం మీదే ఈ కథ పుట్టింది. ఆ ఫిల్బీ పుట్టింది ఎక్కడనుకున్నారు, మన అంబాలాలో, 1912లో, నాన్న ఇక్కడ సివిల్ సర్వీసు. కిమ్ అనే ముద్దుపేరు కూడా కిప్లింగ్ నవల్లో మన దేశంలో గూఢచారిగా తిరిగే పిల్లోడి పేరే. పిల్లోడికి ఏం పేరు పెట్టాలో ఆలోచించి పెట్టండప్పా అందుకే.

ఇంకో ముచ్చట. 1979లో ఇది బీబీసీ2లో వచ్చే టైముకి అవతల ఐటీవీ చానల్ సమ్మెలో మూతపడి ఉంది, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. ఆ పోటీ చానల్ లేక చాలామంది ఇదే చూసినారు, మరుసటి రోజు ఆఫీసుల్లో దొంగ ఎవడు అని వాదించుకున్నారు. అంటే వాళ్ళకీ మొదట్లో అర్థం కాలేదు, పోటీ లేక చూసినారు. నీ సమస్య నీ ఒక్కడిదే కాదన్నా.

సినిమాపిచ్చి_సీమోడు (మధ్యాహ్నం 2:51)

సరే లిస్బన్ సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటా. కానీ పోటీ చానల్ లేక చూసినారు అనేది నా పార్టీకి పనికొచ్చే పాయింటే.

కోతి_కపిలతీర్థం (సాయంత్రం 5:05)

స్మైలీ వేసిన అలెక్ గిన్నెస్ అంటే స్టార్ వార్స్‌లో కత్తి పట్టుకున్న ముసలి గురువే కదా? ఆయనే తర్వాత ఒక ఇంగ్లీషు సినిమాలో మన బ్రాహ్మణ ప్రొఫెసర్ గోడ్‌బోలే వేషం కూడా వేసినాడు, మొహానికి రంగు పూసుకుని. అది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. స్మైలీగా మాత్రం మనిషి ఎట్ల చేసినాడంటే దండం పెట్టాల.

ట్రెజరీ_అమ్మ (సాయంత్రం 6:40)

గిన్నెస్ ఈ పాత్రకి ముందు నిజమైన గూఢచారిని చూడాలి అన్నాడంట, లె కారే ఎంఐ6 మాజీ అధిపతి మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌ని భోజనానికి పిలిచి కూర్చోబెట్టినాడు. తిన్నంతసేపూ గిన్నెస్ ఆయన చేతులు, ఆయన బట్టలు, ఆయన చూసే తీరు గమనించినాడంట. కళ్ళద్దాలు తుడుచుకోవడం తప్ప ఏం చేయడు అన్నావు కదా నాయనా, ఎప్పుడు తుడుచుకుంటాడో చూడు. ఎదుటోడు అబద్ధం చెప్పేటప్పుడు ఆయన ఏం చేస్తాడో చూడు. తొందరపెట్టడు, తప్పు అనడు, వాడినే మాట్లాడనిస్తాడు.

కోతీ, పీకినోడు దొరకలేదు. ట్రాన్స్‌ఫర్ అయిపోయినాడు. అందుకే నాలుగు సార్లు చూసినా ఆ సీరియల్.

నైట్‌డ్యూటీ_తిరుపతి (నాలుగు రోజుల తర్వాత, తెల్లవారి 3:05)

అమ్మా, అన్నలూ, మళ్ళీ వచ్చినా. నోటుబుక్కు కొనలేదు, పాత చెక్-ఇన్ రిజిస్టరు వెనక పేజీల్లో పేర్లు రాసుకున్నా, ఓనరు చూస్తే ఏమంటాడో తెలీదు, సర్కస్ పెద్దల్లో ఒకడైన ఆలిలైన్ పేరు కింద ఓనరు ఫోన్ నంబరు కూడా పడింది.

మొదటి సీను మళ్ళీ పెట్టి చూసినా, ఈసారి సౌండు తగ్గించి. అమ్మ చెప్పింది నిజమే. కప్పు మీద సాసరు పెట్టుకున్నోడిని చూస్తే నాకు ఫలానా రకం గెస్టులు గుర్తొచ్చినారు, మొహంలో నవ్వు, చేతిలో ఏదో ఒకటి, అడిగిన దానికి జవాబు చెప్పకుండా మనల్నే ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు. ఈ ఉద్యోగంలో ఏడేళ్ళలో నేను నేర్చుకున్నది ఏందంటే దొంగ పేరు రాసేవాడు ఎప్పుడూ పేరు దగ్గర తడబడడు, ఊరి పేరు దగ్గర తడబడతాడు. పేరు ముందే అనుకుని వస్తాడు, ఏ ఊరు, ఏ వీధి, పిన్‌కోడు ఎంత అంటే కళ్ళు పైకి పోతాయి. ఆధార్ జిరాక్సు అడగడం వచ్చినాక ఆ ముచ్చట తగ్గింది గానీ ఇప్పటికీ ఎక్కడి నుంచి వస్తాండారు సార్ అని ఊరికే అడుగుతా.

ఇప్పుడు ఐదో ఎపిసోడ్లో ఉండా. ఢిల్లీ జైలు సీను దగ్గర ఆగి రెండు సార్లు చూసినా. స్మైలీ చాన్నాళ్ళ కింద ఢిల్లీ జైల్లో ఆ కార్లా ఎదురుగా కూర్చుని మా వైపు వచ్చెయ్, అటు పోతే నిన్ను చంపేస్తారు అని బతిమాలతాడు. ఎండ, ఉక్కపోత, ఈయనకి ఒంట్లో బాలేదు, అవతలోడు ఒక్క ముక్క మాట్లాడడు, మొత్తం సీనులో ఒక్క ముక్క! ఎక్స్‌మెన్‌లో చక్రాల కుర్చీ ప్రొఫెసర్ ఉండాడే, పాట్రిక్ స్టీవర్ట్, వాడే ఈ కార్లా. ఆఖర్న స్మైలీకి ఆయన భార్య ఇచ్చిన లైటరు, పేరు చెక్కింది, దాన్ని వాడు జేబులో వేసుకుని పోతాడు. ఈ స్మైలీ మాత్రం మాట్లాడీ మాట్లాడీ తన భార్య సంగతి, తన బలహీనత అంతా వాడికే చెప్పేసుకున్నాడు. ఎంక్వైరీ చేసేవాడే దొరికిపోయినాడు. అది చూసినప్పుడు నిద్ర ఎగిరిపోయింది నాకు. నైట్ మేనేజర్లో బాంబులు పేలినప్పుడు కూడా ఇట్ల కాలేదు.

సీమోడన్నా, నీ మాట కొట్టేయను, నడుమ నడుమ నిజంగానే సాగదీసినాడు, ఆ బడి పిల్లోడి సీన్లు ఇంకొంచెం తగ్గించి ఉండచ్చు. కానీ ఒకటి, నాకు ఇది టీవీలో కాదు ఈ కౌంటర్లోనే చూడాలనిపిస్తాంది. ట్యూబులైటు, ఫ్యాను చప్పుడు, బయట గోవిందా గోవిందా అని ఎవరో పోతా ఉంటారు, లోపల తెరమీద ఒకాయన ఫైలు తిప్పుతా ఉంటాడు. ఆ చివర్లో పేర్లు పడేటప్పుడు పిల్లోడు పాడే చర్చి పాట వస్తుంది కదా, దానికి ఒక గెస్టు కిందికి దిగి వచ్చి ఏం పాట బాబూ ఇది అని అడిగినాడు. తమిళాయన, వేలూరు నుంచి వచ్చినాడంట. చెప్పినా. కూర్చుని సగం ఎపిసోడ్ చూసి యారు తిరుడన్, అంటే దొంగ ఎవడు అని అడిగినాడు. నాకూ తెలీదు సార్ అన్నా.

నా అనుమానం ఎవరి మీదంటే, వద్దులే, ఎవరైనా అవునని అనేస్తారు. ఇంకా రెండు ఎపిసోడ్లు ఉండాయి. పందికొక్కన్నా, స్మైలీస్ పీపుల్ డీవీడీ ఎవరి దగ్గరన్నా దొరుకుతుందా, తిరుపతి కాకపోతే చిత్తూరు అయినా పర్లేదు, సోమవారం నాకు వీక్లీ ఆఫ్, బస్సెక్కి వస్తా.

ట్రెజరీ_అమ్మ (ఉదయం 6:02)

నా దగ్గర ఉండాది, రా నాయనా. మధ్యాహ్నం భోజనం టైముకి వచ్చెయ్. దొంగ పేరు మాత్రం చెప్పకు, మా ఆయన ఈసారి మెలకువతో చూస్తానంటాండాడు.